కుక్క చెవులు ఇంట్లో శుభ్రం చేయడం: ఎంత మందు, ఎంత లోతు, ఎన్నాళ్లకోసారి?

కడలి_బ్రౌనీ (విశాఖపట్నం)

అందరికీ నమస్కారం. మాది మూడేళ్ల ఆడ ల్యాబ్రడార్, 28 కిలోలు. డాక్టర్ గారు స్కోప్ పెట్టి చూసి చెవుల్లో ఇన్ఫెక్షన్ ఏమీ లేదన్నారు. ఇంట్లో వాడుకోమని ఇయర్ క్లీనర్ రాసిచ్చారు. సీసా మీద "చెవి నిండేలా పోసి మర్దన చేయండి" అని ఒక్క ముక్క తప్ప వివరం లేదు. నిండేలా అంటే ఎన్ని మి.లీ.? వేలు ఎంతవరకు పోనివ్వొచ్చు? ఇయర్ బడ్స్ పనికొస్తాయా? వారానికి రెండుసార్లు సముద్రంలో దిగే కుక్కకి ఎన్నాళ్లకోసారి చేయాలి? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

తిరుపతి_వెట్

ముందు చెవి లోపల ఎలా ఉంటుందో చెప్తాను, మీ ప్రశ్నల్లో సగం అక్కడే తేలిపోతాయి.

మన చెవి గొట్టం పొట్టిది, దాదాపు తిన్నగా లోపలికి పోతుంది. కుక్కకి అలా ఉండదు. పైనుంచి నిలువుగా కిందికి దిగి, అక్కడ తల లోపలి వైపుకి మలుపు తిరుగుతుంది. మొత్తం ఇంగ్లిషు ఎల్ అక్షరం ఆకారం. కుక్క సైజుని బట్టి పొడవు 5 నుంచి 10 సెం.మీ. దాకా ఉంటుంది. కర్ణభేరి ఆ అడ్డ గొట్టం చివర ఉంటుంది. మనకి పైనుంచి కనిపించేది నిలువు గొట్టం మొదలు మాత్రమే.

ఇంకో సంగతి. ఆరోగ్యంగా ఉన్న చెవి తనంతట తనే శుభ్రపడుతుంది. కర్ణభేరి దగ్గర నుంచి చర్మం పై పొర మెల్లగా బయటికి జరుగుతూ ఉంటుంది, గుబిలిని కూడా వెంట తెస్తుంది. ఇయర్ బడ్ పెట్టినప్పుడు మనం సరిగ్గా దీనికి ఎదురు పని చేస్తాం. బడ్ చివర నాలుగు చారలు అంటుకుని వచ్చేసరికి శుభ్రమైందనిపిస్తుంది, మిగతాదంతా మలుపు దగ్గరికి పోయి గట్టిపడుతుంది. అక్కడ ముద్ద కట్టిన గుబిలిని ఇంట్లో తీయలేం. మత్తిచ్చి ఫ్లష్ చేయాల్సిన కేసులు కొన్ని ఇలా తయారైనవే. పైగా కుక్క ఒక్కసారి తల విదిలిస్తే ఆ పుల్ల ఎక్కడ గుచ్చుకుంటుందో చెప్పలేం. కాబట్టి గొట్టం లోపలికి బడ్ వద్దు. చెవి డొప్ప లోపలి వైపు మడతల్లో, కంటికి కనిపించేంత మేర వాడితే ఇబ్బంది లేదు.

వేలి విషయానికొస్తే, చూపుడు వేలికి గాజ్ గుడ్డ (గాయాలకి కట్టే పల్చటి వల గుడ్డ) చుట్టుకుని మొదటి కణుపు దాకా. లావు వేళ్లున్నవాళ్లకి చిన్న కుక్క చెవిలో అంత కూడా పట్టదు, బలవంతం చేయొద్దు. వేలు ఎక్కడ ఆగితే అక్కడే హద్దు.

నాలుగుతోకలు (హైదరాబాద్)

కొలతలు నేను చెప్తాను. 5 మి.లీ. సిరంజి తీసుకుని సూది తీసి పారేయండి, అందులోకి క్లీనర్ లాగండి. సీసాని నేరుగా నొక్కితే ఎంత పడిందో తెలియదు, కుక్క కదిలితే సగం మెడ మీద పోతుంది.

పగ్, షిట్జూ, పామరేనియన్ లాంటి చిన్నవాటికి చెవికి 1–2 మి.లీ. బీగల్, కాకర్, మామూలు సైజు దేశీ కుక్కకి 2–4 మి.లీ. ల్యాబ్, గోల్డెన్, జర్మన్ షెపర్డ్‌కి 4–5 మి.లీ., పెద్ద చెవులైతే ఇంకాస్త. ఇవి అంచనా లెక్కలే. అసలు గుర్తు ఏంటంటే గొట్టం పైన మందు మట్టం కంటికి కనపడాలి. రెండు చుక్కలు వేసి తుడిచేస్తే నిలువు గొట్టం గోడలు తడుస్తాయి, మలుపు దాకా ఏమీ చేరదు. చాలామందికి శుభ్రం చేసినా వాసన పోకపోవడానికి కారణం మందు తక్కువ పోయడమే.

సిరంజి మొన చెవి లోపల దూర్చొద్దు. రంధ్రం పైన పట్టుకుని వదలండి, మందు దానంతటదే దిగుతుంది. ఒత్తిడితో కొట్టకూడదు. మొనని లోపలికి పెట్టి దారి మూసేసి నొక్కితే ఆ ఒత్తిడి నేరుగా కర్ణభేరి మీద పడుతుంది.

కడలి_బ్రౌనీ

ధన్యవాదాలండీ ఇద్దరికీ. మొదటి నుంచి చివరి దాకా వరుసగా ఎవరైనా చెబుతారా? ముఖ్యంగా ఎలా పట్టుకోవాలో.

గ్రూమింగ్_బల్ల (విజయవాడ)

ముందు చోటు చూసుకోండి. బాత్రూమ్ గానీ బాల్కనీ గానీ. కుక్క తల విదిలిస్తే గోధుమరంగు చుక్కలు గోడ మీద పడతాయి, సున్నం గోడ అయితే మరక పోదు.

సీసాని గోరువెచ్చని నీళ్ల గిన్నెలో 5 నిమిషాలు ఉంచండి. మీ ముంజేతి లోపలి వైపు ఒక చుక్క వేసుకుంటే చల్లగానూ వేడిగానూ అనిపించకూడదు. చల్లటి మందు పోస్తే లోపలి చెవికి ఆ చలి తగిలి కొన్ని కుక్కలకి తల తిరుగుతుంది. తర్వాత సీసా కనపడితే చాలు మంచం కిందికి పారిపోతాయి. మన ఎండల్లో దీనికి ఉల్టా కూడా ఉంది: మే నెలలో కిటికీ దగ్గర పెట్టిన సీసా ముట్టుకోలేనంత వేడెక్కుతుంది. అదీ పోయకూడదు.

పెద్ద కుక్కని గోడ మూలకి వీపు ఆనేలా కూర్చోబెట్టండి, వెనక్కి జరగడానికి చోటుండదు. మీరు ఎదురుగా కాకుండా పక్కన కూర్చోవాలి. ఎదురుగా నిలబడి మీదికి వంగితే కుక్కకి బెదిరింపులా ఉంటుంది. చిన్న కుక్క అయితే ఒళ్లో, దాని వీపు మీ పొట్టకి ఆనేలా. రెండో మనిషి ఉంటే గడ్డం కింద ఒక చెయ్యి, ఛాతీ దగ్గర ఒక చెయ్యి. మెడ పట్టుకుని అదమొద్దు.

ఎడమ చేత్తో చెవి డొప్పని నిటారుగా పైకి, కొంచెం బయటికి లాగి పట్టుకోండి. గట్టిగా కాదు. ఇలా పట్టుకుంటే మలుపు కాస్త తిన్నబడి మందు దిగుతుంది. డొప్పని వెనక్కి మడిచి తల మీద వేసి పోసేవాళ్లు చాలామంది ఉన్నారు, అలా చేస్తే దారి నొక్కుకుపోతుంది. కుడి చేత్తో మందు పోసి, డొప్పని వదలకుండానే చెవి మొదలు దగ్గర, దవడ పైన, బొటనవేలు చూపుడు వేలు పెట్టి తడమండి. గట్టిగా గొట్టంలాంటిది తగులుతుంది. అదే నిలువు గొట్టం మృదులాస్థి. దాన్ని రెండు వేళ్ల మధ్య పట్టుకుని పైకీ కిందికీ 20–30 సెకన్లు మర్దన చేయండి. లోపల మందు కదులుతున్న పచక్ పచక్ శబ్దం వినపడాలి. వినపడకపోతే మందు చాల్లేదు, లేదా మీ వేళ్లు సరైన చోట లేవు. పైపైన చెవిని రుద్దితే వచ్చే లాభం ఏమీ లేదు.

తర్వాత తల మీద పాత తువ్వాలు కప్పి వదిలేయండి. విదిలించనివ్వండి, రెండు మూడుసార్లు. లోపలి గుబిలి బయటికి వచ్చేది ఆ విదిలింపులోనే. అప్పుడు గాజ్ గుడ్డ చుట్టిన వేలితో లోపలి నుంచి బయటికి తుడవండి. దూది కంటే గాజ్ గుడ్డ నయం. దూది పోగులు మడతల్లో ఇరుక్కుంటాయి. మెత్తటి పాత నూలు బట్ట ఉతికింది ఉన్నా సరే. టిష్యూ పేపర్ వద్దు, తడిస్తే చిరిగి లోపలే ఉండిపోతుంది.

గుడ్డ బాగా మురికిగా వస్తే మరోసారి పోయండి. ఒక పూటకి రెండుసార్లు, మహా అయితే మూడు. తెల్లటి గుడ్డ తెల్లగానే రావాలని పట్టుబడితే చర్మం ఒరుసుకుపోతుంది. కొంచెం లేత పసుపు జిడ్డు ఉండటం మామూలే, అది చెవికి రక్షణ కూడా.

రెండో చెవికి కొత్త గుడ్డ. ఒక చెవిలో తేడా ఉందనిపిస్తే బాగున్న చెవి ముందు చేయాలి.

దేశీ_జాతి (కరీంనగర్)

శబ్దానికి భయపడే కుక్కలకి ఒక పద్ధతి ఉంది. దూది ఉండని క్లీనర్‌లో బాగా తడిపి, కారుతుండగానే చెవి రంధ్రం దగ్గర పెట్టండి, లోపలికి తొయ్యొద్దు. డొప్ప మూసి బయటి నుంచి పిండినట్టు మర్దన చేస్తే మందు దిగుతుంది. తర్వాత ఉండ తీసేయాలి. సీసాతో పోసినంత బాగా శుభ్రం కాదు గానీ, ఎదిరించే కుక్క విషయంలో ఇదే మెరుగు.

అలవాటు చేయడానికి మొదటి రోజు చెవి ముట్టుకోవడం, ఉడికించిన చికెన్ ముక్క ఇవ్వడం, అంతే. ఆ తర్వాత డొప్ప ఎత్తడం, ముక్క. సీసా చూపించడం, ముక్క. ఖాళీ గుడ్డతో తుడవడం, ముక్క. వారం పదిరోజుల్లో చాలా కుక్కలు ఒప్పుకుంటాయి. అప్పటికే చెవి నొప్పి ఉన్న కుక్కకి మాత్రం ఈ శిక్షణ పని చేయదు, నొప్పి తగ్గాకే మొదలుపెట్టాలి. నొప్పితో ఉన్న కుక్క ఇంట్లోవాళ్లనైనా కరుస్తుంది.

కడలి_బ్రౌనీ

ఎన్నాళ్లకోసారి అన్నది తేలలేదు. నెట్‌లో కొందరు రోజూ అంటున్నారు, కొందరు అసలు వద్దంటున్నారు.

నాలుగుతోకలు

ఈత కొట్టే ల్యాబ్ అంటే వారానికోసారి చేయండి, నీళ్లలో దిగిన రోజే సాయంత్రం. వారానికి రెండు ఈతలుంటే రెండుసార్లు.

తిరుపతి_వెట్

నేను ఇంకొంచెం తక్కువ చెప్తాను. ఈత తర్వాత ప్రతిసారీ పొడి గుడ్డతో డొప్ప, మడతలు తుడవాలి, సముద్రం ఇసుక అక్కడే ఇరుక్కుంటుంది. ఆరబెట్టే గుణమున్న క్లీనర్ వారానికోసారి చాలు. తరచుగా మందు పోస్తే చెవి ఎప్పుడూ తడిగా ఉండి చర్మం నానిపోతుంది, నానిన చర్మం మీద యీస్ట్ (ఒక రకం ఫంగస్) సులువుగా పెరుగుతుంది. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు అవుతుంది.

చెవులు నిక్కబొడుచుకుని ఉండే దేశీ కుక్కకి, లోపల లేత గులాబీ రంగులో ఉండి వాసన లేకపోతే, ఏమీ పోయక్కర్లేదు. వారానికోసారి ఎత్తి చూసి, వాసన పీల్చి వదిలేయడమే. వేలాడే చెవులున్నవాటికి రెండు నుంచి నాలుగు వారాలకోసారి. అలర్జీ ఉన్న కుక్క అయితే డాక్టర్ చెప్పిన లెక్క వేరే ఉంటుంది, వారానికి రెండుసార్లు కూడా చెప్పొచ్చు. మన కోస్తాలో జూన్ నుంచి నవంబరు దాకా గాలిలో తేమ ఎక్కువ, ఆ నెలల్లో కాస్త దగ్గర దగ్గరగా చూస్తుండాలి.

నాలుగుతోకలు

రెండు ఈతలైతే మధ్యలో చెవి ఆరదు కదా డాక్టర్ గారూ, అందుకే అలా చెప్పాను. గుబిలి కరిగించే రకం కాకుండా ఆరబెట్టే రకం అయితే రెండుసార్లు వాడినా నానదని నా అభిప్రాయం.

తిరుపతి_వెట్

ఆ తేడా నిజమే. ఆరబెట్టేది అయితే రెండుసార్లకి నాకూ అభ్యంతరం లేదు, చర్మం ఎర్రబడితే వెంటనే తగ్గించేయాలి.

వెట్_ఫార్మసీ (వరంగల్)

రకాల మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా. షాపులో అన్నింటినీ ఇయర్ క్లీనర్ అనే అమ్ముతారు గానీ లోపలి సరుకు వేరు. లేబుల్ తిప్పి చూడండి.

స్క్వాలీన్, డాక్యుసేట్, ప్రొపిలీన్ గ్లైకాల్ లాంటివి గుబిలిని మెత్తబరిచి కరిగిస్తాయి. జిడ్డు ఎక్కువగా ఉండే కాకర్ స్పానియల్ లాంటివాటికి ఇవి. శాలిసిలిక్ ఆమ్లం, లాక్టిక్ ఆమ్లం, బోరిక్ ఆమ్లం ఉన్నవి ఆరబెడతాయి, లోపల పీహెచ్ తగ్గిస్తాయి. ఈత కొట్టేవాటికి ఇవి. క్లోర్‌హెక్సిడిన్ ఉన్నవి క్రిములని చంపుతాయి. ట్రిస్-ఈడీటీఏ అని ఇంకోటి ఉంటుంది, సూడోమోనాస్ లాంటి మొండి బ్యాక్టీరియా గోడని బలహీనపరిచి యాంటీబయాటిక్ లోపలికి పోయేలా చేస్తుంది. అది డాక్టర్ చీటీ మీద వాడేది, నెలకోసారి మామూలు శుభ్రానికి కాదు. చాలా సీసాల్లో రెండు మూడు కలిసి ఉంటాయి, ఎపి-ఓటిక్ లాంటి బ్రాండ్లు ఆ కోవే.

ఇంట్లో ఉండేవాటిలో చెవిలో పోయకూడనివి: డెట్టాల్, సావ్లాన్, సర్జికల్ స్పిరిట్, హైడ్రోజన్ పెరాక్సైడ్. కర్ణభేరికి చిల్లు ఉండి క్లోర్‌హెక్సిడిన్, సెట్రిమైడ్ లాంటివి మధ్య చెవిలోకి దిగితే వినికిడే పోవచ్చు. క్లోర్‌హెక్సిడిన్ చెవి మందుల్లో ఉండేది 0.2 శాతం లోపు, మనం నేల కడిగే గాఢ ద్రవాలకీ దానికీ పోలిక లేదు. స్పిరిట్ ఒరుసుకున్న చర్మం మీద మండుతుంది. పెరాక్సైడ్ నురగ కక్కి మురికి తీస్తున్నట్టే కనపడుతుంది, చివరికి మిగిల్చేది నీళ్లూ మంటే.

గ్రూమింగ్_బల్ల

కొబ్బరినూనె కూడా ఆ జాబితాలో చేర్చండి. "చల్లగా ఉంటుంది" అని పోస్తారు. గుబిలికి నూనె కలిసి గోడలకి అట్టకడుతుంది, దుమ్ము దానికి అంటుకుంటుంది, తర్వాత వేసే చుక్కల మందు చర్మానికి తగలదు. డొప్ప బయటి వైపు పొడిబారితే వేలికి రాసుకుని పైపైన రాయండి, అంతవరకే. పసుపు, వేపనూనె, వెల్లుల్లి కాచిన నూనె, ఏదీ లోపలికి వద్దు. పొడి ఏదైనా తడితో కలిసి ముద్ద కడుతుంది.

దేశీ_జాతి

వెనిగర్ సంగతేంటి? సగం నీళ్లు సగం వెనిగర్ చాలామంది చెబుతుంటారు.

తిరుపతి_వెట్

పూర్తిగా కొట్టిపారేయలేం. కిరాణా షాపులో దొరికే తెల్ల వెనిగర్‌లో ఎసిటిక్ ఆమ్లం 4–5 శాతం. కాచి చల్లార్చిన నీళ్లు సగానికి సగం కలిపితే 2–2.5 శాతం అవుతుంది, ఆ గాఢతకి సూడోమోనాస్ లాంటివి కూడా తట్టుకోలేవు. తకరారు రెండు చోట్ల. చర్మం ఎర్రగా, పుండుగా ఉంటే అది నిప్పులా మండుతుంది, కుక్క మళ్లీ చెవి ముట్టుకోనివ్వదు. రెండోది, వెనిగర్ గుబిలిని కరిగించదు. ఇన్ఫెక్షన్ ఉన్న చెవికి నొప్పి చేస్తుంది, లేని చెవికి అవసరం లేదు. అందుకే నేను రాయను.

సెలైన్ అడుగుతారని ముందే చెప్తున్నా: మెడికల్ షాపులో దొరికే 0.9 శాతం నార్మల్ సెలైన్ హాని చేయదు. ఇసుక పడ్డప్పుడు కడగడానికి మంచిది. దానికీ జిడ్డు కరగదు, పైగా తడి మిగిలిపోతుంది. సెలైన్‌తో కడిగాక ఆరబెట్టే క్లీనర్ వాడాలి.

షిట్జూ_ఇంటి (గుంటూరు)

మాది షిట్జూ అండీ. చెవి లోపల వెంట్రుకలు గుత్తుగా ఉంటాయి. పార్లర్‌లో ప్రతిసారీ పీకుతామంటున్నారు. పీకాలా?

గ్రూమింగ్_బల్ల

చెవి బాగుంటే పీకొద్దు. పీకిన ప్రతి కుదురు దగ్గరా సూక్ష్మంగా గాయమవుతుంది, వాచి చెమ్మ ఊరుతుంది, రెండు రోజుల్లో దురద మొదలవుతుంది. రంధ్రం ముందున్న వెంట్రుకలని మొద్దు మొన కత్తెరతో కత్తిరిస్తే గాలి ఆడుతుంది. కత్తిరించేటప్పుడు ముక్కలు లోపల పడకుండా దూది ఉండ అడ్డం పెట్టి, అయ్యాక తీసేయాలి. మళ్లీ మళ్లీ చెవిపోటు వచ్చే కుక్కకి, వెంట్రుకలు ముద్దకట్టి మందు దిగకపోతే, అప్పుడు డాక్టర్ పీకమంటారు. ఆ రోజు స్నానం, క్లీనర్ రెండూ పెట్టకండి.

పార్లర్‌లో కచ్చితంగా చెప్పాల్సింది ఇంకోటి ఉంది. స్నానానికి ముందు చెవుల్లో దూది పెడతారు, తీశారో లేదో ఇంటికి బయల్దేరే ముందే చూసుకోండి.

ఫ్రిస్కో_తెలుగు (టెక్సస్)

ఇక్కడ యాంటీబయాటిక్ ఉన్న చెవి చుక్కలు డాక్టర్ చీటీ లేకుండా ఇవ్వరు. మన దగ్గర కౌంటర్ మీదే దొరుకుతాయి, పాత సీసా మిగిలితే మళ్లీ అదే పోస్తారు. దానివల్ల ఏమవుతుందో డాక్టర్ గారు వివరిస్తే బాగుంటుంది.

తిరుపతి_వెట్

మంచి ప్రశ్న. చాలా చుక్కల మందుల్లో మూడు కలిసి ఉంటాయి: యాంటీబయాటిక్, యీస్ట్ మందు, స్టెరాయిడ్. స్టెరాయిడ్ వల్ల రెండు రోజుల్లో దురద, ఎరుపు తగ్గుతాయి. తగ్గిందని ఆపేస్తారు. లోపల క్రిములు మిగిలే ఉంటాయి, వాటిలో మందుకి లొంగనివే మళ్లీ పెరుగుతాయి. నాలుగైదుసార్లు ఇలా జరిగితే సూడోమోనాస్ తిష్ట వేస్తుంది. గొట్టం గోడలు మందమై దారి సన్నబడుతుంది, చివరికి మృదులాస్థి సున్నంలా గట్టిపడుతుంది. ఆ దశలో మిగిలేది చెవి గొట్టాన్ని మొత్తంగా తీసేసే ఆపరేషన్. కాబట్టి మందు ఎన్నాళ్లు రాస్తే అన్నాళ్లూ వేయాలి, ఆపే ముందు మళ్లీ చూపించాలి.

మనుషుల చెవి చుక్కలు కూడా సొంతంగా వాడొద్దు. కర్ణభేరికి చిల్లు ఉంటే జెంటామైసిన్, నియోమైసిన్ లాంటివి లోపలి చెవిని దెబ్బతీస్తాయి.

రంగు, వాసన చూసి ఇంట్లో కొంత అంచనాకి రావొచ్చు, మందు మాత్రం నిర్ణయించకూడదు. గోధుమరంగు జిడ్డు, పులిసిన వాసన అయితే మలాసెజియా యీస్ట్ అయ్యే అవకాశం ఎక్కువ. పసుపో ఆకుపచ్చో చీము, ముక్కు మూసుకునేంత కంపు, ముట్టుకుంటే అరుపు అయితే బ్యాక్టీరియా. పొడిగా, నల్లగా కాఫీ పొడిలా రాలుతూ విపరీతంగా గోక్కుంటుంటే చెవి పురుగులు, ఓటోడెక్టెస్. ఇవి పిల్ల కుక్కల్లో, పిల్లులతో కలిసి ఉండే కుక్కల్లో ఎక్కువ. ఆ పొడిని నల్ల కాగితం మీద వేసి భూతద్దంతో చూస్తే తెల్ల చుక్కలు కదులుతూ కనిపిస్తాయి. ఖాయం చేసేది మాత్రం గాజు పలక మీద రుద్ది మైక్రోస్కోపులో చూస్తేనే.

అందుకే ఒక మాట గుర్తుపెట్టుకోండి: తేడాగా ఉన్న చెవిని డాక్టర్ దగ్గరికి తెచ్చే ముందు 2–3 రోజులు కడగొద్దు. నీట్‌గా కడిగి తెస్తే పరీక్షకి తీయడానికి ఏమీ మిగలదు.

దేశీ_జాతి

చెవి పురుగులకి ఐవర్‌మెక్టిన్ అని కొందరు సూది వేసేస్తున్నారు, చుక్కలు పోసేస్తున్నారు. దాని గురించి కూడా చెప్పండి.

తిరుపతి_వెట్

కోలీ, షెట్లాండ్ షీప్‌డాగ్, ఆస్ట్రేలియన్ షెపర్డ్ జాతుల్లో, వాటి సంకరాల్లో ఎండీఆర్1 అనే జన్యువులో లోపం ఉండొచ్చు. వాటికి ఎక్కువ మోతాదు ఐవర్‌మెక్టిన్ మెదడులోకి పోయి వణుకు, అంధత్వం, కోమా తెస్తుంది. ఇప్పుడు సెలమెక్టిన్ లాంటి వెన్ను మీద వేసే మందులు, అఫాక్సోలానర్, ఫ్లూరాలానర్ లాంటి మాత్రలు ఉన్నాయి, బరువుని బట్టి డాక్టర్ రాస్తారు. పురుగు గుడ్డు నుంచి పెద్దదవడానికి మూడు వారాలు పడుతుంది, అందుకే ఒక్క రోజు వైద్యంతో పోదు. ఇంట్లో ఉన్న అన్ని కుక్కలకీ పిల్లులకీ కలిపి చేయాలి.

నాలుగుతోకలు

పిడుదుల సంగతి మర్చిపోకండి. మన వైపు గోధుమరంగు కుక్క పిడుదుకి చెవి అంటే ఇష్టమైన చోటు. డొప్ప బయటి అంచున కింది వైపు చర్మం చిన్న జేబులా మడత పడి ఉంటుంది, చాలామంది దాన్ని గమనించరు. వేలితో విప్పి చూడండి, గోరంత పిడుదులు వరుసగా దొరుకుతాయి. సన్నమొన పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని తిన్నగా లాగాలి, మెలితిప్పకూడదు. గోళ్ల మధ్య చిదమొద్దు. స్పిరిట్ ఉన్న చిన్న సీసాలో వేయండి. గొట్టం లోపలికి దూరిన పిడుదుని ఇంట్లో లాగబోకండి, తల తెగి లోపల ఉండిపోతుంది. పిడుదులున్న కుక్కకి జ్వరం, తిండి మానేయడం, చిగుళ్లు పాలిపోవడం కనిపిస్తే అది చెవి సమస్య కాదు. పిడుదు జ్వరం అయ్యుండొచ్చు, ఆ రోజే రక్త పరీక్ష చేయించాలి.

గ్రూమింగ్_బల్ల

వీధి కుక్కలని చూసుకునేవాళ్లకి: చెవి పుండులో ఈగ పురుగులు (మాగట్లు) పడ్డ కేసు వస్తే టర్పెంటైన్, కర్పూరం కలిపిన నూనె, ఫినాయిల్ చెవిలో పోయకండి. ఒంటి మీద గాయం వేరు, చెవి గొట్టం వేరు. పురుగులు భయపడి ఇంకా లోపలికి పోతాయి, కర్ణభేరి దెబ్బతింటుంది. నేరుగా ఆస్పత్రికి. రాజేంద్రనగర్, గన్నవరం, తిరుపతి పశువైద్య కళాశాలల ఆస్పత్రుల్లో కుక్కలని చూస్తారు.

కడలి_బ్రౌనీ

ఇంట్లో శుభ్రం చేయడం ఆపి వెంటనే పరుగెత్తాల్సిన లక్షణాలు ఏంటో ఒకేచోట చెబుతారా?

తిరుపతి_వెట్

తల ఒక పక్కకి వాలిపోవడం. నడుస్తూ ఒక వైపుకి తూలడం, గుండ్రంగా తిరగడం. కళ్లు అడ్డంగా కొట్టుకున్నట్టు కదలడం. మూతి ఒక వైపు జారిపోవడం, ఒక కన్ను మూయలేకపోవడం. నోరు తెరిచినా, ఆవులించినా అరవడం. చెవి నుంచి రక్తం. ఉన్నట్టుండి ఒక్క చెవే గోక్కుంటూ విదిలించడం, ముఖ్యంగా పొదల్లో, గడ్డిలో తిరిగొచ్చాక. గడ్డి వెన్ను లోపలికి పోయి ఉంటుంది, దాని ముళ్లు ఒకే దిశలో ఉంటాయి కాబట్టి ముందుకే జరుగుతుంది, వెనక్కి రాదు.

ఇంకో సూచన చాలామందికి తెలియదు. క్లీనర్ పోయగానే కుక్క గుటకలు వేస్తున్నా, దగ్గుతున్నా మందు మధ్య చెవి మీదుగా గొంతులోకి దిగుతోందేమో అనుమానించాలి. కర్ణభేరికి చిల్లు ఉన్నట్టు. ఆ క్షణమే ఆపేయండి, అప్పటికి పోసింది తుడిచి తీసుకెళ్లండి.

డొప్ప మొత్తం మెత్తగా ఉబ్బి వేడిగా ఉంటే లోపల రక్తం చేరింది. విపరీతంగా విదిలించడం వల్ల రక్తనాళం చిట్లి వస్తుంది. సూది గుచ్చి మీరే తీయబోకండి, మళ్లీ నిండుతుంది, చీము పడుతుంది. దాంతో పాటు లోపలి ఇన్ఫెక్షన్‌కి కూడా వైద్యం చేయకపోతే రెండో డొప్ప కూడా ఉబ్బుతుంది.

షిట్జూ_ఇంటి

మాకు ఇప్పుడు చుక్కల మందు కూడా రాశారు. క్లీనర్ ముందా, చుక్కలు ముందా?

వెట్_ఫార్మసీ

క్లీనర్ ముందు, తుడిచి ఆరనివ్వాలి, కనీసం 15–30 నిమిషాలు, తర్వాత చుక్కలు. మురికీ చీమూ ఉన్నచోట జెంటామైసిన్, పాలిమిక్సిన్ లాంటివి సరిగా పని చేయవు. జెంటామైసిన్‌కి ఆమ్ల వాతావరణం కూడా పడదు, అందుకే ఆమ్లం ఉన్న క్లీనర్ అయితే గంట ఆగినా మంచిదే. ట్రిస్-ఈడీటీఏ రాస్తే దాని వ్యవధి డాక్టర్ చెప్పినట్టే.

చుక్కల లెక్క కూడా అడిగి తీసుకోండి. "రెండు చుక్కలు" అనేది పగ్‌కీ ల్యాబ్‌కీ ఒకటే కాదు. సుమారు 20 చుక్కలు 1 మి.లీ. పెద్ద కుక్క గొట్టం గోడలన్నీ తడవాలంటే అర మి.లీ. పైనే పట్టొచ్చు. చీటీ మీద మి.లీ.లో రాయమనండి, 1 మి.లీ. సిరంజితో కొలిచి వేయండి.

క్లినిక్‌లోనే వారాల తరబడి పనిచేసే జెల్ పోసి పంపితే ఇంట్లో క్లీనర్ ముట్టుకోకండి. కడిగితే మందంతా పోతుంది. ఎన్ని రోజులు ఆగాలో అప్పుడే అడిగి రాసుకోండి.

తిరుపతి_వెట్

ఒకటి చేరుస్తాను. ఏడాదిలో రెండు మూడుసార్లు చెవిపోటు వస్తుంటే తప్పు చెవిది కాదు, శుభ్రం చేసే పద్ధతిది కూడా కాకపోవచ్చు. పాదాలు నాకడం, పొట్ట ఎర్రబడటం, చంకల్లో దురద ఉన్నాయేమో చూడండి. అటోపీ (దుమ్ము, పుప్పొడి లాంటివాటి అలర్జీ) గానీ తిండి అలర్జీ గానీ అయ్యుంటుంది. తిండి సంగతి తేలాలంటే 8 వారాలు డాక్టర్ చెప్పిన ఒకే ఆహారం పెట్టాలి, మధ్యలో బిస్కెట్టు ముక్క కూడా లేకుండా. వయసు మళ్లిన ల్యాబ్‌కి థైరాయిడ్ పరీక్ష కూడా. మూలం వదిలేసి క్లీనర్లు మార్చుకుంటూ పోతే డబ్బు దండగ, కుక్కకి బాధ.

కడలి_బ్రౌనీ

చాలా స్పష్టంగా ఉంది, అందరికీ కృతజ్ఞతలు. ఆఖరి ప్రశ్న: తెరిచిన సీసా ఎన్నాళ్లు వాడొచ్చు? ఇంట్లో రెండో కుక్క వస్తోంది, ఇద్దరికీ ఒకటే సీసా పనికొస్తుందా?

వెట్_ఫార్మసీ

లేబుల్ మీద మూత తీశాక ఎన్ని నెలలో రాసి ఉంటుంది, అది చూడండి. గడువు తేదీ మూత తీయని సీసాకి. తీసిన రోజు స్కెచ్ పెన్నుతో సీసా మీదే రాసేయండి. మూతి చెవికి తగిలిందంటే స్పిరిట్ అద్దిన దూదితో తుడిచి, ఆరాక మూత పెట్టండి. క్రిములు సీసాలోకి పోతే తర్వాత పోసిన ప్రతి చెవికీ పాకుతాయి. సిరంజిలోకి లాగి వాడితే ఇద్దరికీ ఒకటే సీసా సరిపోతుంది, సిరంజిలు మాత్రం వేరు వేరు, పేర్లు రాసుకుని. ఒకదానికి ఇన్ఫెక్షన్ ఉన్నన్నాళ్లు దాని సీసా కూడా విడిగా పెట్టండి. మందు రంగు మారినా, అడుగున మడ్డి చేరి ఊపినా కలవకపోయినా పారేయండి. బాత్రూమ్ అల్మారాలో వద్దు, 30 డిగ్రీల లోపు ఉండే నీడపట్టున ఉంచండి.